ఒక్కరాత్రి బస

తిరుపతికిని బెంగుళూరునకును నడుమ, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన పీఠభూమి మీద నెలకొన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్ళును మహాక్షేత్రములు గావు, మహానగరములును గావు. కాని క్షేత్రమునకు పోవువాడును, నగరమునకు పోవువాడును, సంతకు పోవువాడును, కచేరికి పోవువాడును ఏదో యొక రాత్రి తల వాల్చక తప్పని తావులు. అందుచేత పరదేశికి ఒక రాత్రి నీడ నిచ్చుట యనునది ఈ సీమలో పుణ్యకార్యముగా పుట్టి, జమీందారీ మర్యాదగా పెరిగి, సర్కారు సదుపాయముగా మారి, నేడు ఫోను మీద వ్రేలు నొక్కి కుదుర్చుకొను వ్యాపారముగా పరిణమించినది. హార్సిలీ కొండ చుట్టుప్రక్కలను, బెంగుళూరు బాట వెంబడిని, శని ఆదివారములకు వచ్చు కుటుంబములకు ఇల్లో తోటబంగళాయో దినముల లెక్కన అద్దెకిచ్చు పద్ధతిని చూచి కొందరు ఇది మున్నెన్నడు నెరుగని వింత యనుచున్నారు. బస యిచ్చినవాడు ఎవరికి జవాబుదారి యన్న పాత ప్రశ్నయే ఇప్పుడు హోమ్‌స్టే యన్న క్రొత్త పేరుతో మన వాకిట నిలిచినదని నా తలంపు.

రైలు రాక మునుపు ప్రయాణమనగా ఎడ్ల నడకయే. పొద్దు గ్రుంకు వేళకు బండి ఎచ్చట నిలుచునో అచ్చట నీరు, నీడ, నిప్పు దొరకవలెను. ఆ మూడింటికి ఏర్పడినదే సత్రము. వీధివైపు పొడుగాటి అరుగు, లోపల నాలుగు ప్రక్కల వసారాలు, నడుమ ఆకాశము కనబడు వాకిలి, పెరట గిలకబావి, దాని చెంత కూడు వండుకొనుటకు మూడేసి పొయ్యిరాళ్ళు, ఎడ్లకు రాతితొట్టి: సత్రమనగా ఇంతే. అరుగు మీద పండుకొన్నవానికి తాళము లేదు, అద్దె లేదు, మూడురాత్రులకు మించి యుండుట మాత్రము మర్యాద కాదు. ఈ ధర్మము గాలిలో నిలుచునది గాదు. దాత వ్రాసియిచ్చిన ఇనాము పొలముల పంట మీద, ఆ పొలములను చూచుకొను ధర్మకర్త నీతి మీద నిలుచునది. ఆ నీతి సడలినప్పుడెల్ల పొయ్యిరాళ్ళు చల్లబడినవి.

అది తరచుగా సడలినదని చెప్పుటకు సర్కారు చట్టమే సాక్ష్యము. 1800లో నైజాము వలన దత్తమండలములు కుంఫిణీవారి చేత బడుటతో, కడప సీమలోని మదనపల్లె ప్రాంతమును వారి యేలుబడిలోనికి వచ్చినది. పిమ్మట 1817లో చెన్నపట్టణపు ప్రభుత్వము ఏడవ రెగ్యులేషనును చేసి, దేవాలయములతో పాటు సత్రములకును వంతెనలకును ఇచ్చిన మాన్యముల రాబడి దాతల యుద్దేశమునకు విరుద్ధముగా స్వంతమునకు వాడబడుచున్నదని ఎత్తిచూపి, వాటి పర్యవేక్షణమును రెవిన్యూ బోర్డునకు అప్పగించినది. పరదేశి బసకు ఈ రాజధానిలో సర్కారు జవాబుదారీ ఏర్పరచిన తొలి శాసనములలో ఇది యొకటి. 1884 నాటి లోకల్ బోర్డుల చట్టము తరువాత బాటల వెంబడి సత్రములు, ప్రయాణికుల బంగళాలు క్రమముగా స్థానిక సంస్థల అజమాయిషీకి వచ్చినవి.

సత్రమును మనము స్తుతించునప్పుడు దాని తలుపు ఎవరికి మూయబడియుండెనో మరువరాదు. వంటయిల్లు ఒక వర్ణమునకు, వసారా మరియొక వర్ణమునకు, ఎండలో చెట్టునీడ ఇంకొకరికి అని పంచి పెట్టిన ధర్మము అది. మాలమాదిగలకు ఆ గిలకబావి తాడు సైతము అందరానిదై యుండెను. వెల లేని బస అందరి బస కాలేదు. ఈ అన్యాయమునకు దేశమంతట శిక్ష విధించిన శాసనము 1955లో గాని రాలేదు. ఆ యేటి అస్పృశ్యతా నేరముల చట్టము ధర్మశాల, సరాయి, ముసాఫిరుఖానాలను పేరుపేరున చెప్పి, ప్రజలకై తెరచిన బసలో అంటరానితనము పేర ఎవరిని అడ్డగించినను నేరమని శాసించినది. డబ్బు పుచ్చుకొను హోటలువాడు జాతి నడుగక గది యిచ్చుట వలన కలిగిన సమత్వము తక్కువది గాదు; వ్యాపారము చేసిన మేలులలో దీనినే మొదట లెక్కింపవలెను.

పుంగనూరు, కుప్పము సీమలలో సత్రమునకు తోడు సంస్థానపు విడిది యుండెను. కోలారు వైపు నుండి వచ్చిన సుగుటూరు వంశీయులు పుంగనూరు జమీని ఏలిరి. వారి కులదేవతయైన సుగుటూరు గంగమ్మకు నేటికిని రాజప్రాసాదమే జాతరకు వేదిక. కుప్పము కంగుంది జమీకి ముఖ్యస్థానము. ఇట్టి చోట్ల కవి, గాయకుడు, దొర, దూత వచ్చినప్పుడు విడిది యిచ్చుట జమీందారు ప్రతిష్ఠలో భాగము; అతిథికి లోపము జరిగెనేని అపకీర్తి సంస్థానమునకే. జాతరనాటి బస వేరు తీరుది: చుట్టుప్రక్కల పల్లెల బంధువులు ఇంటింట నిండి, వాకిట చాపలు, మిద్దె మీద జంబుకానాలు పరచుకొని పండుకొనుట, అద్దె మాట ఎత్తినచో అవమానము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటులోని పుంగనూరు, కుప్పము సీమలును కడపలోని మదనపల్లెయు ఒక్క జిల్లాలో చేరినవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీలు పోయినవి. సంస్థానము పేర విడిది యిచ్చు యజమానియు వాటితోనే పోయెను.

ఇంతలో ఇనుపదారి వచ్చెను. జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు వరకు రైలుమార్గము 1864లో తెరువబడగా కుప్పము ఆ దారిలోని స్టేషనాయెను. ధర్మవరము, పాకాల నడుమ చిన్నలైను 1890ల తొలి యేండ్లలో పడినప్పుడు మదనపల్లె పట్టణమునకు రైలు సరిగా అందలేదు. పేరుకు మదనపల్లె రోడ్డు, ఉనికి కొన్ని మైళ్ళ యవతలి సి.టి.ఎం. గ్రామమున. రాత్రివేళ బండి దిగినవాడు జట్కా దొరకక స్టేషను చుట్టుపట్ల తెల్లవార్చవలసి వచ్చెడిది. రైలు తెచ్చిన మార్పు వేగము మాత్రమే కాదు: బాటసారికి ఊరితో పరిచయము తెగిపోయినది. సత్రమున దిగినవాని వృత్తాంతము గ్రామకరణమునకు, తలారికి తెల్లవారులోపల తెలిసెడిది. రైలు దిగి అద్దెగదిలో దూరినవాని పేరు సైతము ఎవరికిని తెలియదు.

ఆ సంగతిని తెల్లదొరతనము శీఘ్రముగానే గ్రహించినది. ముఖ్యముగా ఉత్తరదేశపు మజిలీల నుద్దేశించి 1867లో చేసిన సరాయి చట్టమును నేటి హోమ్‌స్టే యజమానులు చదివినచో తమ కొరకే వ్రాసిరేమో యనుకొందురు. సరాయి నడుపువాడు తన పేరును జిల్లా మేజిస్ట్రేటు వద్ద నమోదు చేయించుకొనవలెను, బసలో అంటురోగముతో ఎవరైన పడిపోయినను, మరణించినను ఠాణాకు వెంటనే తెలుపవలెను, గదులు, వసారాలు, బావులు శుభ్రముగా ఉంచవలెను, కావలివాండ్రను ఏర్పరచవలెను, వసూలుచేయు రుసుముల పట్టికను ప్రయాణికులకు తెలియు భాషలలో గోడకు వ్రేలాడదీయవలెను. అద్దెబసలో అతిథికి, ఊరికి, సర్కారుకు ఏ యే యాపదలు రాగలవో ఆ నాలుగైదు నియమములలో స్పష్టముగా కనబడుచున్నవి. ఆపద లవియే, తప్పుకొను దారులు మాత్రము మారినవి.

మనసీమలో విశ్రాంతికై, కేవలము చల్లగాలికై కట్టుకొన్న తొలి యిండ్లలో పేరెన్నికగన్నది ఏనుగు మల్లమ్మ కొండమీది బంగళా. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కడప కలెక్టరుగా నుండిన డబ్ల్యు.డి. హార్సిలీ దొర, వేసవిలో ఉడికిపోవు జిల్లాను దాటి నాలుగువేల అడుగులకు పైబడిన ఈ కొండయెక్కి, దాని చల్లదనమునకు ముగ్ధుడై ఇచ్చట వేసవి నివాసము కట్టించుకొనెను. నాటినుండి కొండపేరే మారి హార్సిలీహిల్స్ అయినది. ఏనుగులు సాకిన మల్లమ్మ యను బాలిక కథ స్థలపురాణములో మిగిలినది. దొర వెంట కచేరి కాగితములు, వంటవాడు, డవాలీ జవాను కొండకెక్కిరి. మోత మోసినవారు చుట్టుపల్లెల జనులు. సుఖము కొండమీద, శ్రమ కొండక్రింద అను ఈ విభాగము సెలవుల విడిదికి పుట్టుకతోనే వచ్చిన లక్షణము. అయినను దొరకు ఒక బంధము గలదు: అతడే జిల్లాకు అధికారి, నీరు తెగినను దారి చెడినను మొర అతని యొద్దకే పోవును. తరువాత అటవీశాఖ బంగళాలు, గవర్నరు విడిది, స్వాతంత్ర్యానంతరము పర్యాటక సంస్థ గదులు వచ్చి, కల్యాణి యని పేరుగాంచిన యూకలిప్టసు మహావృక్షమును, గంగోత్రి చెరువును చూడవచ్చు సామాన్యునికిని కొండమీద ఒక రాత్రి అందుబాటులోనికి వచ్చినది.

ప్రయాణికుల బంగళా, అనగా జనులు టి.బి. అని పిలిచిన సర్కారు విడిది, సత్రమునకును హోటలుకును నడిమి రూపము. పెంకుటిల్లు, ముందు వరండా, రెండు గదులు, గదికొక నవారుమంచము, వెనుక కాస్త దూరముగా వంటశాల. అన్నింటికి వాచ్‌మనే కర్త. కోడిని పట్టువాడును, వండువాడును, దీపము తుడుచువాడును, రిజిస్టరును ముందు పెట్టి సంతకము చేయించుకొనువాడును అతడే. ఆ రిజిస్టరులో వచ్చినవాని పేరు, ఊరు, హోదా, వచ్చిన వేళ, పోయిన వేళ, చెల్లించిన పైకము, చివరగా ఫిర్యాదులకొక గడి. కుర్చీ విరిగిన సంగతి, నీళ్ళు చాలని సంగతి ఆ గడి ద్వారా తనిఖీకి వచ్చిన యధికారి కంటబడెడిది. వాచ్‌మను బంగళా వెనుకనే కాపురముండుట చేత రాత్రి కేకలు వేయు అతిథి తెల్లవారులోపల అతనికి లోబడవలసినదే.

ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున మదనపల్లెకు వచ్చిన పరదేశులు వేరు తెగవారు. 1915లో అనిబిసెంటు స్థాపించిన థియసాఫికల్ కళాశాల దేశదేశముల పండితులను రప్పించినది. 1919 ఫిబ్రవరి మాసాంతమున రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి అతిథియై, జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతుల సాన్నిధ్యమున జనగణమనకు ఆంగ్లానువాదము చేసెను, మార్గరెట్ దానికి స్వరములను కూర్చెను. అతిథి నిలిచిన నాలుగు దినములు ఊరికి శాశ్వతమైన కీర్తి కాగలవనుటకు ఇంతకన్న దృష్టాంతము వేరొకటి యేల? ఆ 1915లోనే ఊరి వెలుపల, ఎండుగాలి, ఎత్తు, నిశ్శబ్దము గల తావున వివిధ మిషనులు కలిసి నెలకొల్పిన క్షయ చికిత్సాలయము పనిచేయసాగెను. డేనిష్ వైద్యుడు ఫ్రిమొట్-మొల్లరు దానిని పెంచి పెద్దచేసెను, ఆ తావు ఆరోగ్యవరమాయెను. రోగులు నెలల తరబడి, కొందరు సంవత్సరముల తరబడి అచ్చట నిలుచువారు. ఈ బసకు అద్దె, ఆహారము, నిడివి కంటె ముందు అంటువ్యాధి భయమును లెక్కింపవలసి వచ్చెను. ఆ భయము ఊరి ఇరుకు వీధుల కెక్కకుండ, వైద్యుని కనుసన్నల నడచు ఆవరణలోనే బస యేర్పడుట చేత మదనపల్లె దానిని ఓర్చుకొన్నది, దానివలన కీర్తియు గడించినది. భారతదేశమున బి.సి.జి. టీకా పని తొలుత మొదలైన స్థలములలో మదనపల్లె యొకటి, అది 1948లో. ఇంటనే మందులు మ్రింగిన రోగి శానటోరియమున నుండిన రోగికి తీసిపోడని 1959లో మద్రాసు అధ్యయనము ఋజువు చేయగా, దీర్ఘవాసపు బసలకు కాలము చెల్లెను.

స్వాతంత్ర్యానంతరమున లాడ్జిల కాలము. మదనపల్లె టమోటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో నొకటిగా పెరుగగా, పంటకాలమున పరరాష్ట్రముల వర్తకులు, లారీవాండ్రు వారములకొలది గదులలో దిగుచుండిరి. నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గములు మరికొందరు వ్యాపారులను రప్పించినవి. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడి, తరువాత వైద్యకళాశాలయు వచ్చుటతో, తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒక వీధిలోనే వినబడు ఆ చిన్న పట్టణమున విద్యార్థులకు, రోగుల వెంట వచ్చువారికి నెలసరి గదులే ఆధారమాయెను.

ఈ చరిత్ర చివరి పుటలో హోమ్‌స్టే ప్రవేశించినది. 2007లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గాలిపరుపు మీద అతిథిని పండుకొనజేసి రుసుము పుచ్చుకొన్న యువకుల ఆలోచన ఎయిర్‌బీఎన్‌బీ పేర ప్రపంచమంతట వ్యాపించుట అందరెరిగినదే. దీని మేళ్ళు నిజమైనవి. పిల్లలు బెంగుళూరికో అమెరికాకో పోగా ఇద్దరు ముసలివారే మిగిలిన పాత మండువా యిల్లు, అద్దెరాబడి వలన కప్పు బాగుచేయించుకొని నిలుచుచున్నది. రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఉలవచారు వండు ఇల్లాలి చేతికి తన పేర పైకము చేరుచున్నది. తోటమాలికి, ఆటోవానికి, పాలవానికి వారాంతపు కూలి దొరకుచున్నది. నగరపు పిల్లవాడు రాగిచేనును, పుంగనూరు పొట్టియావును బొమ్మలో గాక కన్నులార చూచుచున్నాడు. హోటలుగది యియ్యలేని సంసర్గము ఇది.

కీడులును అంతే నిజమైనవి. వాటిలో కొన్నింటిని యజమాని, కొన్నింటిని అతిథి, ఎక్కువభాగమును వీరిద్దరును గాని మూడవవాడు మోయుచున్నాడు. కనబడని గదిని చిత్రపటము చూచి కుదుర్చుకొని, ముందే పైకము పంపి మోసపోవుట, తీరా వచ్చి చూచిన పిదప పక్కబట్టల మాపు, స్నానపుగదిలో కెమెరా భయము అతిథివి. విరిగిన సామాను, దొంగపేరుతో దిగినవాడు, తన యింట జరిగిన నేరమునకు తాను ఠాణా మెట్లెక్కుట యజమానివి. ఇంటివాడుక మీటరు మీద వ్యాపారము నడిపినచో విద్యుత్తు సంస్థ పెనాల్టీ పడును; వాసగృహమునకు చేసిన బీమా వ్యాపారనష్టమునకు చెల్లదనునది నిప్పంటుకొన్న తరువాత గాని రాని జ్ఞానము.

మూడవవానిది వేరు కథ. శనివారము చీకటిపడగానే ప్రక్కతోటలో స్పీకరు మ్రోగును. నట్టనడిరాత్రి టమోటా కోతకు లేవవలసిన రైతునకు నిద్ర పట్టదు. అతిథులు తాళమును యజమాని చేతినుండి గాక అంకెలపెట్టె నుండి తీసికొన్నవారు గనుక ఎవరితో మొత్తుకొనవలెనో తెలియదు. యజమాని బెంగుళూరులో, కావలివాడు పనికి క్రొత్త, ఫోను స్విచ్చాఫ్. తెల్లవారినపిమ్మట చెరువుగట్టున సీసాలు, ప్లాస్టిక్కు పళ్ళెరములు. అన్నింటిని మించినది నీరు. చెరువులు నిండుట దైవాధీనమై, బోరులు వందల అడుగుల లోతునకు దిగిపోయిన ఈ కరవుసీమలో, అతిథుల ఈతకొలనునకు పట్టిన నీరు ప్రక్కచేని బోరు నోటిదే. భూగర్భమునకు సరిహద్దురాళ్ళు లేవు. తన గది నద్దెకిచ్చితిననుకొన్న యజమాని, ఇరుగువాని నిద్రను, నీటిని కూడ కలిపి యద్దెకిచ్చుచున్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానము చేయుటయనగా ఇదియే.

పెద్ద నగరముల వారు ఈ వ్యాపారము వలన బాధపడి కఠినమైన నియమములను అవలంబించిరి. 2028 నవంబరు తరువాత పర్యాటకుల ఫ్లాట్లకు అనుమతులను పొడిగింపబోమని బార్సిలోనా నగరపాలకులు 2024లో ప్రకటించిరి. అవి పదివేలకు పైబడినవి, అచ్చటి భయము స్థానికులకు అద్దెయిండ్లు దొరకకపోవుట. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి, ముప్పది దినములకు తక్కువగా అద్దెకిచ్చు యజమాని నమోదై యుండవలెననియు, అతిథులు ఇద్దరికి మించరాదనియు, అతడు స్వయముగా ఆ యింట నుండవలెననియు నియమమును అమలులో పెట్టినది. మదనపల్లెకు బార్సిలోనా రోగము లేదు గాని, కుప్పమున విద్యార్థుల నెలసరి గదులు దినసరి గదులుగా మారినచో ఆ రోగము చిన్నరూపమున రాకపోదు. మన కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకమును ఒకటినుండి ఆరు గదుల వరకే పరిమితము చేసి, యజమాని కుటుంబముతో ఆ యింటనే వసించుటను షరతుగా పెట్టినది. విదేశీయుడు దిగిన ఇరువదినాలుగు గంటలలోపల ఆ సంగతిని అధికారులకు తెలుపవలెనన్న నియమము హోటలుకును ఇంటికిని సమానమే.

ఇన్ని కాలముల చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము స్పష్టమగుచున్నది. సత్రము చెడినది ధర్మకర్త కనబడనప్పుడు. విడిది చెడినది జమీందారు తొలగినప్పుడు. ప్రయాణికుల బంగళా బాగుగా నడచినది వాచ్‌మను వెనుకనే కాపురముండుట చేత. బసకు చలువరాయి గాని, గాలిపరుపు గాని ముఖ్యము కాదు, అర్ధరాత్రి తలుపు తట్టినచో పలుకు బాధ్యుడు ముఖ్యము. న్యూయార్కువారు 2023లో కనుగొన్న నీతి ఇదియే, మన టి.బి. వాచ్‌మనుకు అది ముందే తెలియును.

కనుక ఈ వ్యాపారమును అణచివేయవలయుననుట అవివేకము. రాళ్ళసీమలో కొన్ని కుటుంబములకు కలిగిన రాబడిని ఎండబెట్టుటయే అగును. దానిని ఇష్టము వచ్చినట్లు విడిచిపెట్టుటయు తగదు. యజమానియో, ఆతడు నియమించిన బాధ్యుడో అదే యూర కాపురముండవలెను. పేరు, ఫోను నంబరు, గదుల సంఖ్య, రుసుముల పట్టిక వీధివైపు గోడమీద 1867 నాటి సరాయివలె తెలుగునను కన్నడమునను వ్రాసియుండవలెను. ఎన్నిగంటల వరకు శబ్దము సాగునో పంచాయతీ నిర్ణయింపవలెను. కొలను గల యింటికి నీరెచ్చటిదని అడుగుటకు గ్రామసభకు హక్కుండవలెను. చెత్తబండి ఖర్చు అతిథి రుసుములోనే కలియవలెను. జాతి, మతము, వివాహము అడిగి తలుపు మూయుట అను పాత సత్రపు పాపము క్రొత్తగా ఫోనుతెర వెనుక పుట్టకుండ చూచుటయు పాలకుల పనియే. ఈ నియమములకు క్రొత్త కార్యాలయము అక్కరలేదు: అద్దెకిచ్చుచున్న ఇండ్ల జాబితా నొకదానిని ప్రతి పంచాయతీయు వ్రాసి, ఏటికి రెండుమార్లు గ్రామసభలో చదివి వినిపించి, ఇరుగుపొరుగుల ఫిర్యాదులను అచ్చటనే యజమాని యెదుట విచారించుటతో పని ప్రారంభింపవచ్చును.